క్లచ్ పని తర్వాత సెల్ఫ్ బరువెక్కిందా?

ప్రశ్న: పాత కారుకు క్లచ్ మార్పించాం. అప్పటినుంచి సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, డ్యాష్‌బోర్డు లైట్లు ఆరిపోయినంత పనవుతోంది. బ్యాటరీ కొత్తదే. లోపం ఎక్కడ?

జవాబు: ముందు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) చూడండి. గేర్‌బాక్స్ దించేటప్పుడు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ స్ట్రాప్ (ఆ రెంటినీ కలిపే తీగపట్టీ) విప్పాల్సి వస్తుంది. తిరిగి బిగించడం మరిచినా, తుప్పు మీదే బిగించినా ఇదే తంతు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ పోల్‌కు (దానిపై బిగించిన క్లాంపుకు కాదు), రెండోదాన్ని ఇంజిన్ బ్లాక్‌పై రంగులేని లోహానికి ఆనించండి. ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. రీడింగ్ 0.5 వోల్టు దాటితే దోషం ఎర్త్‌దే. మీటర్ లేకుంటే జంపర్ కేబుల్‌తో నెగటివ్‌ను నేరుగా ఇంజిన్ బ్లాక్‌కు కలపండి. సెల్ఫ్ చురుగ్గా తిరిగిందంటే దోషం ఎర్త్‌దేనని తేలినట్టే.

బ్యాటరీ నెగటివ్ తీసేసి, స్ట్రాప్ కూర్చునే చోటును లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించండి. గ్రీజు ఆ తర్వాతే, పైపైన.

వాయిదా వేయకండి. ఎర్త్ దారి లేని కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి, దాన్ని కాల్చేస్తుంది.