కొత్త కార్యదర్శికి

అమ్మాయీ,

మన ప్రాంత గ్రంథాలయ ఉద్యోగుల సంఘానికి నువ్వు కార్యదర్శివయ్యావని తెలిసింది. సంతోషం. మహాసభ, సావనీరు, శాలువాల హడావుడి కొన్నాళ్లు పక్కన పెట్టు. అవి నువ్వు పట్టించుకోకపోయినా జరిగిపోతాయి.

ముందు ఒక్కరే నడుపుతున్న లైబ్రరీల జాబితా రాసుకో. తాళం తీసేది, పుస్తకం ఇచ్చేది, రిజిస్టరు రాసేది ఒక్క మనిషే అయినచోట మీటింగుకు రావాలంటే లైబ్రరీ మూసెయ్యాలి. అందుకే వాళ్లు రారు, రానివాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. మీటింగు వాళ్ల సెలవు రోజున, ఒక్క పూటలో తేలిపోయేలా పెట్టు. పుస్తకాలు సర్దే అటెండర్లనీ, అవుట్‌సోర్సింగ్ వాళ్లనీ చేర్చుకో. డిగ్రీ లేదని గొణిగేవాళ్లు ఎలాగూ గొణుగుతారు.

1928లో మద్రాసు గ్రంథాలయ సంఘం మొదలైతే, మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ కార్యదర్శిగా ఉండగా 1929లోనే వేసవి శిక్షణ తరగతులు పెట్టారు. నువ్వూ శిక్షణతోనే మొదలుపెట్టు. నన్నడిగితే మొదటి పాఠం స్టాక్ వెరిఫికేషన్, అంటే రిజిస్టరులో ఉన్న పుస్తకాలన్నీ లైబ్రరీలో ఉన్నాయో లేదో సరిచూడటం. పోయిన పుస్తకాల ఖరీదు జీతంలో కోస్తారేమోనన్న టెన్షన్‌తో బీరువాలకు తాళాలేసి కూర్చునేవాళ్లు మనలో తక్కువేం కాదు.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017లోని 215వ నిబంధన కాపీ అందరికీ ఇవ్వు. మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు, ఏడాదిలో ఇంటికిచ్చినవీ అక్కడే చదివినవీ కలిపి ప్రతి 1,000కి 5 పుస్తకాలు పోవడం సహజమేనని అందులో ఉంది. 1,000 రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారణ తప్పదు. రాష్ట్ర సంస్థలకు ఇది నేరుగా వర్తించదనుకో, అయినా పై అధికారితో మాట్లాడేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉంటుంది.

చిక్కల్లా లెక్కతోనే. ఇంటికిచ్చినవి 8,000, అక్కడ చదివినవి 12,000 అయితే 100 దాకా పరవాలేదు. చదివినవి రాయకపోతే 40 దగ్గరే ఆగిపోతావు. సాయంత్రం బల్లల మీది పుస్తకాలు సర్దేముందు లెక్కపెట్టి రాయడం చాలాచోట్ల ఎగ్గొట్టే పని. ఆ రిజిస్టరు ఎలా రాయాలో దగ్గర కూర్చోబెట్టి చూపించు, ఉపన్యాసం వద్దు.

ఇంకో మాట. బ్యాంకు ఖాతాలో సంతకాలు మార్చే పని ఈ వారమే చూసుకో. పాత కార్యదర్శికి బదిలీ అయితే ఆయన సంతకం కోసం ఊళ్లు తిరగాల్సొస్తుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన