పొలంలో మందు కొట్టే డ్రోనూ, యుద్ధంలో బాంబులేసే డ్రోనూ ఒకటేనా?

కోవూరు వైపు వరికి మందు కొట్టే డ్రోన్‌ని చూసి అడిగారు కదా, ఎగిరే పద్ధతి వరకూ ఒకటే: నాలుగో ఆరో ఫ్యాన్లు, బ్యాటరీ, జీపీఎస్. పది లీటర్ల మందు మోసేది ఇంకే బరువైనా మోస్తుంది. ఉక్రెయిన్‌లో అలాంటి పెద్ద డ్రోన్లు రాత్రిపూట వచ్చి బాంబులు వేస్తుంటే, రష్యా సైనికులు వాటికి ‘బాబా యాగా’ అని మంత్రగత్తె పేరు పెట్టారు. అంతకుముందే, 2016-17లో ఇరాక్‌లోని మోసుల్‌లో ఐసిస్ ఉగ్రవాదులు షాపుల్లో దొరికే చిన్న డ్రోన్లతో గ్రెనేడ్లంతటి బాంబులు జారవిడిచారు. 2021 జూన్‌లో జమ్మూ వైమానిక స్థావరం మీద జరిగిందీ డ్రోన్ దాడే.

అసలు చిక్కంతా ఖర్చు దగ్గరే. లక్షల్లో అయిపోయేదాన్ని కూల్చడానికి కోట్ల క్షిపణి వాడితే ఎవరికి నష్టం? అందుకే జామర్లతో రేడియో సంకేతాలు తెంపడం మొదలెట్టారు. దానికీ విరుగుడు వచ్చింది: ఫైబర్ తీగ డ్రోన్లు. వీటికి సంకేతాలు రేడియోలో కాకుండా సన్నటి గాజు తీగ గుండా వెళ్తాయి. ఆ తీగ చుట్ట డ్రోన్‌లోనే ఉండి, ఎగిరేకొద్దీ విప్పుకుంటూ పోతుంది. జామర్ దాన్నేం చేయలేదు గానీ, చెట్లకు చిక్కుకుంటే అంతే సంగతులు.

వీటన్నిటికీ బలహీనత బ్యాటరీయే. మీ గట్టు మీద కుర్రాళ్లు మాటిమాటికీ బ్యాటరీ మార్చడం చూసే ఉంటారు. బరువు పెరిగినా, ఎదురుగాలి వీచినా ఎగిరే సమయం ఇంకా తగ్గిపోతుంది.