డిజైనర్ మరణం, జనం మాటలు: యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

ఫ్రాన్స్‌లో షనెల్, ఇటలీలో ఫెండి అనే ఖరీదైన ఫ్యాషన్ సంస్థలకు బట్టలు డిజైన్ చేసిన కార్ల్ లాగర్‌ఫెల్డ్ 2019 ఫిబ్రవరిలో పోయినప్పుడు లోకం ఎలా స్పందించిందో రాసిన నీ వ్యాసం అందింది. సమాచారం బాగానే పోగేశావు. చిక్కల్లా ఒకటే, ట్వీట్ వెనక ట్వీట్ పేర్చుకుంటూ పోయావు. ఫలానా నటి కుమిలిపోయింది, ఫలానా గాయని నివాళి అర్పించింది, ఫలానా డిజైనర్ తీరని లోటన్నాడు. మూడో ట్వీట్ దగ్గరే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. పేర్లు చెరిపేస్తే ఆ మాటలు ఎవరు పోయినా సరిపోతాయి మరి.

గాయకుడు పోతే పాట మిగులుతుంది. అది రేడియోలో అందరికీ ఒకేలా వినిపిస్తుంది. బట్టలు తయారుచేసినవాడి సంగతి అలా ఉండదు. ఒకరికి ఆయన గౌను ఊరికే వచ్చింది. ఒకరు జీతం కూడబెట్టి కొన్నారు. ఒకరు దాన్ని కుట్టి కూలి తీసుకున్నారు. ఒకరి ఒళ్లు చూసి ఆయనే వెటకారమాడాడు. మిగతావాళ్లంతా షోరూమ్ అద్దం ఇవతలే నిలబడి చూశారు. ఆ బట్టతో ఎవరికి ఎంత పని ఉందో అంతవరకే వాళ్ల దుఃఖమైనా, కోపమైనా. అందుకని ఎవరేమన్నారో రాసేముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీసుకో: పేరు, ఆయనతో సంబంధం, ఏ వస్తువు, ఏ తేదీ. రెండో గడి, మూడో గడి ఖాళీగా ఉన్న మాటను వ్యాసంలోకి రానివ్వకు. పన్నెండు వందల పదాల వ్యాసానికి నేరుగా ఉటంకించే మాటలు ఐదు మించితే ఎక్కువే.

సంబంధం గడి నింపేటప్పుడు మొహమాటపడకు. 2019 మార్చి 5న పారిస్‌లోని గ్రాన్ పాలే అనే పెద్ద ప్రదర్శనశాలలో షనెల్ షో జరిగింది. ఆయన చివరిగా పనిచేసిన బట్టలవి. నటి పెనెలోపీ క్రూజ్ తెల్ల గులాబీ పట్టుకుని ర్యాంప్ మీద నడిచింది. నువ్వు దాన్ని "అభిమానం చాటుకుంది" అని రాశావు. అప్పటికి ఆమె షనెల్‌కు అంబాసిడర్, అంటే ఆ సంస్థతో ఒప్పందం ఉన్న మనిషి. అలాగని అభిమానం అబద్ధమని కాదు. కానీ ఆ ఒక్క ముక్క చెప్పకపోతే నువ్వు రాసింది సంస్థవాళ్లు పంచే ప్రెస్ నోట్ అవుతుంది. "షనెల్ అంబాసిడర్‌గా ఉన్న క్రూజ్" అని ఒక్క విశేషణం పెట్టు చాలు, మిగతాది చదివేవాళ్లు చూసుకుంటారు.

ఆ షో గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. నీ దగ్గరున్న సరుకులో అన్నిటికన్నా గట్టిది అదే, అక్కడ ఆగు. హాలంతా మంచు కురిసిన కొండపల్లెలా కట్టారు. చెక్క ఇళ్లు, పొగ గొట్టాలు, నేలంతా తెల్లగా మంచు. ముందు ఒక నిమిషం మౌనం, తర్వాత రికార్డు చేసిన లాగర్‌ఫెల్డ్ గొంతు. వచ్చిన ప్రతి ఒక్కరి సీటు మీదా ఒక బొమ్మ పెట్టారు. ఆయనే గీసింది: తను, పక్కన ఆ సంస్థను స్థాపించిన కోకో షనెల్, ఆట ఆగదన్న అర్థం వచ్చే ఒక మాట. ఆఖరి వరసలో నడిచిన మోడళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఒక ట్వీట్‌కూ ఈ కాగితం ముక్కకూ తేడా చూడు. ట్వీట్ ఆ మాట అన్నవాడి గురించి చెబుతుంది. ఆ బొమ్మ మాత్రం పోయినాయన గురించీ, ఆయన లేకపోయినా దుకాణం మూతపడదని కొనేవాళ్లకు భరోసా ఇవ్వాలనుకున్న సంస్థ గురించీ కూడా చెబుతుంది. సంతాపమూ వ్యాపారమూ ఒకే కుర్చీలో కూర్చున్నాయన్నమాట.

కాలక్రమం సరిగా పట్టుకో. నువ్వు ఫిబ్రవరి 19న మొదలుపెట్టావు. అసలు కథ జనవరి 22నే మొదలైంది. ఆ రోజు షనెల్ షో అయ్యాక ఆయన ఎప్పటిలా బయటికొచ్చి నమస్కారం పెట్టలేదు. అలసిపోయారని సంస్థ చెప్పింది. దశాబ్దాలుగా ఆ ఆనవాయితీ చూసినవాళ్లకు విషయం అప్పుడే అర్థమైంది, గుసగుసలు బయల్దేరాయి. ఫిబ్రవరి 19, మంగళవారం, పారిస్ శివారు న్యూయీలో ఆయన పోయేసరికి లండన్ ఫ్యాషన్ వీక్ ముగుస్తోంది, మిలాన్‌ది మొదలవుతోంది. స్పందించాల్సినవాళ్లలో సగంమంది అప్పటికే విలేకరుల ఎదుట ఉన్నారు, మైకు పెట్టడమే ఆలస్యం. అంతమంది అంత త్వరగా మాట్లాడారంటే అదొక కారణం. 21న మిలాన్‌లో ఫెండి షో చివర ఒక పాత వీడియో వేశారు. 1965లో తను మొదటిరోజు ఆ సంస్థకు ఎలా వచ్చాడో ఆయనే బొమ్మ గీసి చూపిస్తాడు అందులో. 22న పారిస్ పక్కనున్న నాంటేర్‌లో దహనం. అంత్యక్రియల ఆర్భాటం వద్దని ఆయన ముందే చెప్పుకున్నాడు. జూన్ 20న గ్రాన్ పాలేలోనే పెద్ద సంస్మరణ సభ. మొదటి రోజు మాటలు సగం అలవాటుగా వచ్చేవే. వారం తర్వాత, నాలుగు నెలల తర్వాత కూడా ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూడు.

సమయం లెక్కలో ఇంకో చిన్న మెలిక. చలికాలంలో పారిస్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, ఎండాకాలంలో మూడున్నర. అమెరికా వాళ్లు 19 సాయంత్రం పెట్టిన పోస్టు మన ఫోన్లో 20వ తేదీ చూపిస్తుంది. ఏ ఊరి తేదీ వాడుతున్నావో ముందే అనుకుని చివరిదాకా అదే వాడు. నీ వ్యాసంలో ఒకే మనిషి రెండు తేదీల్లో బాధపడుతున్నాడు.

ఇక తిట్టినవాళ్లు. "కొందరు విమర్శించారు" అని ఒక్క ముక్కతో దాటేశావు. ఎందుకు విమర్శించారో చెప్పకపోతే వాళ్లు చావింట్లో తగవుకొచ్చినవాళ్లలా కనిపిస్తారు. కారణాలకు తేదీలున్నాయి. గాయని అడెల్ కాస్త లావని లాగర్‌ఫెల్డ్ 2012లో అన్నాడు, తర్వాత సర్దిచెప్పుకున్నాడు. జర్మనీ శరణార్థులను రానివ్వడం మీద 2017 నవంబరులో ఫ్రెంచి టీవీలో అన్న మాటలకు అక్కడి ప్రసార నియంత్రణ సంస్థకు వందల ఫిర్యాదులు వెళ్లాయి. 2018లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో మీటూ ఉద్యమాన్ని తీసిపారేశాడు. నటి జమీలా జమీల్ ఆయన పోయిన రోజుల్లో ఎత్తిచూపినవి ఇలాంటివే. 2023 మే 1న న్యూయార్క్‌లో ఏటా జరిగే ఫ్యాషన్ వేడుక మెట్ గాలా ఆయన పేరు మీద జరిగినప్పుడు ఆమె మళ్లీ అదే మాట అంది. నాలుగేళ్లకూ చల్లారని స్పందన అంటే అది వార్తే. ఇలా ఒక్కో మాటకూ ఏడాది, వేదిక జతచేసి రాస్తే నీ వ్యాఖ్య అక్కర్లేదు. పొగడ్త సగం, తిట్టు సగం అని తూకం వేయడం కూడా వద్దు. ఏది ఎంత ఉందో అంతే చోటివ్వు.

జంతు హక్కుల సంస్థ పెటా మాట ఒక్కటి ఉంచు, అది మూడో రకం. కుటుంబానికి సానుభూతి చెబుతూనే బొచ్చుకోట్ల మోజున్న కాలం ఆయనతో ముగిసిందని తేల్చేసింది. ఫెండిలో ఆయన గీసిన రెండు ఎఫ్‌ల ముద్ర బొచ్చుకోట్ల కోసం పుట్టిందేనని ఆ పక్కన రాస్తే, వాళ్ల కోపం ఎక్కడిదో వివరించే పని తప్పుతుంది.

నవ్వినవాళ్లను వదిలేశావెందుకు? ఆ వారం జనం ఎక్కువగా మాట్లాడుకుంది పిల్లి గురించి. షూపెట్ అనే ఆ తెల్లపిల్లికి కోట్ల ఆస్తి వచ్చేసిందని పత్రికలు శీర్షికలు పెట్టాయి. ఆస్తిలో దానికీ వాటా ఉందని ఆయనే ఇంటర్వ్యూలో అన్నాడు కాబట్టి పుకారుకు ఆధారం లేకపోలేదు. కానీ ఫ్రాన్స్ చట్టం ప్రకారం జంతువు పేరిట నేరుగా ఆస్తి రాయడం కుదరదు. పిల్లిని చూసుకునే మనిషికో సంస్థకో ఇవ్వాల్సిందే. జోకు పెట్టు, వెంటనే ఈ సంగతీ పెట్టు. తెలుగులో ఈ రెండో సగం రాసినవాళ్లు తక్కువ.

కొన్నవాళ్ల మాట కూడా కావాలి. షనెల్ కొనలేని మధ్యతరగతి ఒంటి మీదికి ఆయన బట్ట వచ్చింది 2004లో, తక్కువ ధరలకు బట్టలమ్మే హెచ్ అండ్ ఎమ్ దుకాణాల్లో. చాలా ఊళ్లలో గంటల్లోనే సరుకు ఖాళీ. అప్పుడు కొని ఇంకా దాచుకున్న చొక్కా ఫొటో పెట్టినవాళ్ల పోస్టు ఒకటి, పేరు లేకుండా, పది మంది తారల మాటలకన్నా విలువ చేస్తుంది. మామూలు మనిషి పోస్టు వాడేటప్పుడు పేరు, ఊరు తీసెయ్యి, అనుమతి అడుగు.

ఇప్పుడు నీ వ్యాసంలో ఉన్న అసలు తప్పు. "షనెల్ అధినేత" అన్నావు. ఆయన 1983 నుంచి అక్కడ డిజైన్ బాధ్యత చూసినవాడే, యజమాని కాదు. సంస్థ వెర్థైమర్ కుటుంబానిది. మరణ వార్తల్లో మనవాళ్లు తరచూ బోల్తాపడేది ఇక్కడే, పేరూ యాజమాన్యమూ ఒకటే అనుకుని. మన దగ్గర చీరల డిజైనర్ సత్యపాల్ సంగతి చూడు. 2021 జనవరి 6న కోయంబత్తూరులో పోయారు. ఆ పేరున్న చీరలు కట్టుకున్నవాళ్లు ఫొటోలు పెట్టి నివాళులు రాశారు. ఆ బ్రాండు ఆ కుటుంబం చేతి నుంచి పోయి అప్పటికే చాలా ఏళ్లు. చేతిసంచులతో పేరు తెచ్చుకున్న అమెరికా డిజైనర్ కేట్ స్పేడ్ 2018 జూన్ 5న పోయినప్పుడు ఆమె పేరున్న దుకాణాల ముందు పూలు పెట్టారు. ఆమె 2007లోనే బయటికొచ్చేసింది. ఆ సంస్థను 2017లో కోచ్ అనే మరో అమెరికా సంస్థ 240 కోట్ల డాలర్లకు కొంది. పోయేనాటికి ఆమె నడుపుతున్నది ఫ్రాన్సెస్ వాలెంటైన్ అనే వేరే సంస్థ. జనం పూలు తప్పు చోట పెట్టారని వెక్కిరించకు. సంచి మీద చూసిన పేరుకు వాళ్లు పూలు పెట్టారు. ఆ పేరు మొదట్లో సంచి లోపల ఉండేదట. మొదటి ట్రేడ్ షో ముందు రాత్రి ఆమె లేబుళ్లన్నీ విప్పి బయటివైపు కుట్టుకుంది. వ్యాపారం అక్కడ తిరిగింది, చివరికి సంతాపం కూడా ఆ లేబుల్‌కే చేరింది.

స్పేడ్ ఉదాహరణ వాడితే ఇంకో జాగ్రత్త తప్పదు, అది ఆత్మహత్య. ఎలా జరిగిందో, గదిలో ఏముందో, చీటీలో ఏం రాసిందో ఒక్క అక్షరం వద్దు. ఆ చీటీ వివరాలు కొన్ని మీడియా సంస్థలు బయటపెట్టాయి. కూతురికి రాసిన మాటలను బజారున పెట్టారని మర్నాడు భర్త ప్రకటనలో బాధపడ్డాడు. మన ప్రెస్ కౌన్సిల్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అదే అంటాయి: పద్ధతి రాయొద్దు, చోటు వివరించొద్దు, శీర్షికలో సంచలనం వద్దు, ఫొటోలు, వీడియోలు వద్దు. డబ్బు చిక్కులనో, కాపురంలో గొడవలనో ఒకే కారణం అంటగట్టడం అన్నిటికన్నా చెడ్డది. అంతా ఉన్నా ఎందుకిలా చేసింది అనే ఆశ్చర్యం కూడా వద్దు. వ్యాసం కింద మానసిక ఆరోగ్య సాయం అందించే టెలి మానస్ నంబరు 14416 వెయ్యి.

రేపు ఎప్పుడైనా మన హైదరాబాద్ డిజైనర్ మీద ఇలాంటిది రాయాల్సొస్తే హీరోయిన్ల పోస్టుల దగ్గర మొదలుపెట్టకు. ముందు వర్క్‌షాప్‌కు వెళ్లు. కటింగ్ మాస్టర్‌ను, మగ్గం వర్క్ చేసేవాళ్లను కలువు. కూలి ఎవరిస్తారు, సగం కుట్టిన లెహంగాలు ఎన్ని, ముహూర్తం దగ్గరపడి అడ్వాన్సు ఇచ్చేసిన పెళ్లివాళ్లకు ఏం చెబుతున్నారు, కొలతల పుస్తకం ఎవరి దగ్గరుంది, ఇవి అడుగు. ఆ రోజే కాదు, పది రోజులాగి వెళ్లు. మొదటిరోజు వాళ్లను అడగడం అమానుషం, పైగా ఎవరికీ జవాబు తెలియదు.

వయసు విషయం కూడా సరిచూడు. లాగర్‌ఫెల్డ్ పుట్టిన ఏడాదిని తనే 1935 అనీ, 1938 అనీ మార్చి చెప్పాడు. రికార్డుల్లో 1933. దాని ప్రకారం 85 అని రాయి, నీ వ్యాసంలో ఒకచోట 83 ఉంది.

పేర్లు తెలుగులో ఒకే రకంగా రాయి. నీ ప్రతిలో ఒకే పేరాలో షనెల్, ఛానెల్ రెండూ ఉన్నాయి. రెండోది చదివితే మనవాళ్లకు టీవీయే గుర్తొస్తుంది. "శోకసంద్రం" రెండుచోట్లా, "దిగ్భ్రాంతి" నాలుగుచోట్లా కొట్టేశాను. వాటి బదులు కొత్త మాటలేమీ పెట్టనక్కర్లేదు, వాక్యాలు అవి లేకుండానే నిలబడుతున్నాయి. "హ్యాష్‌ట్యాగ్ ప్రపంచమంతా ట్రెండయింది" అన్నదానికి నీ దగ్గర స్క్రీన్‌షాట్ లేకపోతే అదీ తీసెయ్యి.

ఫొటోగా నల్లకళ్లద్దాల పోర్ట్రెయిట్ వద్దు, అది ప్రతి పత్రికా వేసింది. పారిస్‌లో ర్యూ కాంబోన్ అనే వీధిలో షనెల్ దుకాణం ముందు పూలు పెట్టిన దృశ్యం ఏజెన్సీల దగ్గర దొరుకుతుంది. ధర కనుక్కుని డెస్క్‌కు చెప్పు. వాళ్లు కొనలేమంటే మంచు పల్లె ఫొటో అడుగు, దానికి ఒప్పుకోవచ్చు.

ఇట్లు,
నీ అన్న