ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి అమ్మానాన్నల్ని నెల్లూరు ఫ్లాట్‌కి మార్చాలి, అమ్మ ఏ సామానూ వదలనంటోంది, ఏం చేయాలి?

పొదలకూరు పక్క పల్లెలో పెద్దిల్లు, ఇద్దరికీ డెబ్బై ఐదు దాటాయి, ఇక్కడేమో డబుల్ బెడ్రూం ఫ్లాట్ అన్నారు కదా. మేం కూడా కలిగిరి సైడు నుంచి మా అమ్మానాయనల్ని నెల్లూరులోని వేదాయపాలేనికి మార్చాం, కాబట్టి మాకు జరిగింది చెప్తా, పనికొస్తే తీసుకోండి.

ముందు "ఇవన్నీ ఎందుకమ్మా, పారేద్దాం" అనే మాట మాత్రం నోట్లోంచి రానీయకండి. ఆ మాట వినగానే మా అమ్మ అటక మీద సామాను కూడా కిందకి దింపించి తుడవడం మొదలుపెట్టింది. మా అక్క తెలివైంది, "ఇది ఎవరికిద్దాం మా" అని అడగడం మొదలుపెట్టింది చూడండి, అప్పుడు కదిలింది పని. పెద్ద గుండిగలు రామాలయానికి, నవమికి పానకం కలుపుకుంటారని, నులక మంచాలు పాలు పోసే ఆమెకి, ఇట్టా అన్నీ అమ్మే చెప్పుకుంటా పోయింది. ఇత్తడి బిందెలు తూకానికి వేద్దామని మా తమ్ముడు అన్నందుకు వాడితో మాట్లాడ్డం మానేసింది. వాటి అంచు మీద మా అమ్మమ్మ పేరు కొట్టించి ఉంది మరి, తూకం వేసేవాడికి అది ఉత్త ఇత్తడే కదా. చివరికి కూతుళ్ళు, కోడళ్ళు, మనవరాళ్ళు తలా ఒకటి తీసుకున్నాం.

రోజూ చేత్తో ముట్టుకునేవి మాత్రం పాతవైనా తెచ్చేయండి. అమ్మ చేపల పులుసు పెట్టే మట్టి దాక ఒకటుంది, అడుగంతా మసి, అంచు ఒకచోట పెచ్చు లేచిపోయింది. కొత్తది కొనిస్తాం మా అంటే "దీనికి పులుసు పట్టిందిరా, కొత్తదాంట్లో మట్టి వాసనొస్తది" అని లారీలో కూడా వేయనీయకుండా ఒళ్ళో పెట్టుకునే కారెక్కింది. రోలు మాత్రం వద్దని గట్టిగా చెప్పాం, కింద ఫ్లాట్ వాళ్ళు ఊరుకోరు.

ఫ్లాట్ చూసేటప్పుడు హాలు ఎంతుంది, బాల్కనీ ఎంతుంది అని కాదు, లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా, బాత్రూంలో టైల్స్ జారతాయా అని చూడండి. కమోడ్ పక్కన పట్టుకోడానికి రాడ్ గోడకి బోల్టులేసి బిగించాలి, రబ్బరు కప్పులతో అతుక్కునే రకం వద్దు, మనిషి బరువుకి ఊడొస్తది. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రిపూట చిన్న లైటు వెలుగుతుండాలి.

ఆషాఢం, పుష్యం శూన్యమాసాలు, ఇల్లు మారకూడదు అంటారు, దాని మీద వాదన పెట్టుకోకండి, ఆ నెలలో సామాను సర్దుకోవచ్చు, మంచిరోజు చూసి పాలు పొంగించుకుంటే వాళ్ళకీ తృప్తి.

కాగితాల పని చిన్నదే కానీ మర్చిపోతే తిప్పలు. ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 ఒకటో తారీఖున ఊళ్ళోనే ఇస్తారు కాబట్టి సచివాలయంలో అడిగి ఇక్కడికి ట్రాన్స్‌ఫర్ పెట్టించండి. రేషన్ రాష్ట్రంలో ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, కార్డు మార్చక్కర్లేదు. గ్యాస్‌కి ఊళ్ళో ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ ఓచరు తీసుకుంటే డిపాజిట్ వెనక్కిస్తారు, ఆ ఓచరు చూపించి ఇక్కడ మళ్ళీ కట్టి తీసుకోవచ్చు. పట్టాదారు పాసుపుస్తకాలు, ఇంటి దస్తావేజులు, పాత ఈసీలు (ఆస్తి లావాదేవీలు చూపించే సర్టిఫికెట్లు) లారీ ఎక్కనీయకుండా మీ చేతి సంచిలో పెట్టుకోండి.

ఇంకొకటి, ఇల్లు ఇప్పుడే బేరం పెట్టొద్దు. అన్నదమ్ములు ఎవరన్నా తొందర పెట్టినా సరే ఒక సంవత్సరం ఆగమనండి. మా నాయన ఇప్పటికీ నాట్లప్పుడు, కోతలప్పుడు ఊరికెళ్ళి నాలుగు రోజులు ఉండొస్తాడు. అందుకే కరెంటు మీటరు తీయించకండి, ఒక మంచం, స్టవ్, నాలుగు గిన్నెలు అక్కడే వదిలేసి తాళం పక్కింటి వాళ్ళకి ఇవ్వండి.