జడ్జిగా చేసినవాళ్లు రాజకీయాల్లోకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. మా లాయర్ల బార్ అసోసియేషన్‌లో ఈ వాదన వచ్చినప్పుడల్లా నేను చెప్పే పేరు లైమన్ ట్రంబుల్. ఇల్లినాయ్‌లోని బెల్‌విల్‌లో లాయరు, రాష్ట్ర శాసనసభ్యుడు, 1848 నుంచి 1853 దాకా అక్కడి సుప్రీంకోర్టు జడ్జి, ఆ తర్వాత 1855 నుంచి 18 ఏళ్లు అమెరికా సెనేటర్.

1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ మీద అభిశంసన విచారణ జరిగింది. జాన్సన్ మీద కక్ష తీర్చుకోవడానికి ట్రంబుల్‌కి కావలసినంత కారణం ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లకి పౌరహక్కులిచ్చిన 1866 చట్టం రాసింది ఈయనే, దాన్ని వీటో చేసింది జాన్సనే. పైగా ట్రంబుల్ సొంత పార్టీ రిపబ్లికన్లలో ఎక్కువమంది ఎలాగైనా జాన్సన్‌ని దించాలని పట్టుబట్టారు. మే 16న చీఫ్ జస్టిస్ చేజ్ ఒక్కొక్క సెనేటర్‌ని పేరు పెట్టి అడుగుతుంటే, ట్రంబుల్ లేచి నిర్దోషి అన్నాడు. 35 మంది దోషి అన్నారు, 19 మంది కాదన్నారు. దించాలంటే మూడింట రెండు వంతులు, అంటే 36 ఓట్లు కావాలి; ఒక్క ఓటు తక్కువై జాన్సన్ బయటపడ్డాడు. ఆ 19 మందిలో రిపబ్లికన్లు ఏడుగురే. చాలని కారణాలకి అధ్యక్షుణ్ణి దించడం ఒకసారి అలవాటైతే, సభలో మెజారిటీతో విభేదించిన ఏ అధ్యక్షుడూ ఇక నిలవడని ట్రంబుల్ రాతపూర్వకంగా కారణాలిచ్చాడు. అది జడ్జి రాసే పద్ధతి. పుస్తకాలన్నీ మాత్రం ఆ ఏడుగురిలో ఇంకొకడైన ఎడ్మండ్ రాస్‌నే హీరోని చేశాయి, నాకు అదే మంట.

నేను ఒక క్లయింటుకి నీ కేసులో పస లేదు, రాజీ పడమని చెబితే మర్నాడే వచ్చి వేరే లాయరుని పెట్టుకోడానికి నో అబ్జెక్షన్ రాయించుకుని కేసు కట్ట పట్టుకుపోయాడు, ఫీజు బాకీ అలాగే ఉంది. ఉన్నమాట చెప్పే లాయరు ఎవరికీ అక్కర్లేదు. ట్రంబుల్‌కీ పార్టీ అదే చేసింది, 1873 తర్వాత ఆయనకి సెనేట్ సీటు లేదు. 1880లో డెమోక్రాట్‌గా గవర్నర్ పదవికి నిలబడి ఓడిపోయాడు.

అయినా లాయరు పని వదల్లేదు. పుల్‌మన్ రైల్వే సమ్మె నాయకుడు యూజీన్ డెబ్స్‌ని జైల్లో పెడితే, 1895లో క్లారెన్స్ డారో అనే లాయరుతో కలిసి ఆయన తరఫున అమెరికా సుప్రీంకోర్టులో నిలబడ్డాడు. అప్పటికి వయసు 81. జడ్జిలంతా ఏకగ్రీవంగా డెబ్స్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. నా దృష్టిలో ఆ తీర్పు తప్పు, ట్రంబుల్ వాదనే రైటు.