మధ్యాహ్నం నాలుగింటికి తీపి కోసం నోరు పీకేస్తుంటే నేనేం చేశానంటే

"భోజనం చేసిన రెండు మూడు గంటలకే తీపి తినాలనిపిస్తోంది, మానేద్దామని గట్టిగా అనుకున్నా మూడో రోజుకే ఓడిపోతున్నాను, నాకు మనోబలం లేదా?" అని అడిగారు. మనోబలం సంగతి పక్కన పెట్టండి. నేనూ అదే అనుకుని చాలా ఏళ్లు నన్ను నేను తిట్టుకున్నాను. అసలు చూడాల్సింది వేరే చోట ఉంది.

మాది రాజమండ్రి. ఆత్రేయపురం దగ్గరే కాబట్టి ఎవరు ఇంటికొచ్చినా చేతిలో పూతరేకుల పెట్టె ఉండేది. 2019లో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అంటే గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే లెక్క, 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ అంటారు. మా నాన్నగారికి షుగర్, కాలి మీద చిన్న పుండు మానక ఆయన పడ్డ బాధ దగ్గరుండి చూసినదాన్ని. భయపడిపోయి ఆ రోజే తీపి మొత్తం మానేశాను. పదకొండో రోజున చుట్టాలింట్లో గృహప్రవేశం. వడ్డించే ఆవిడ పక్కనే నిలబడి కాజాలు ఒకదాని వెనక ఒకటి తినేశాను. ఆ రాత్రి ఏడుపొచ్చింది.

తర్వాత కలిసిన డైటీషియన్ నాతో ఏదీ మాన్పించలేదు. వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో మూడే విషయాలు రాయమన్నారు: తీపి మీదకు మనసు ఎన్నింటికి పోయింది, దానికి ముందు ఏం తిన్నాను, రాత్రి ఎంతసేపు పడుకున్నాను. వారం తిరిగేసరికి నాకే అర్థమైంది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, దాని మీద పల్చటి చారు. అలా తిన్న ప్రతిరోజూ నాలుగింటికల్లా తీపి కావాలనిపించింది. పెసరట్టు తిన్న రోజు, అన్నం తగ్గించి ముద్దపప్పు, గుడ్డు ఎక్కువ తిన్న రోజు అంతగా అనిపించలేదు. రాత్రి ఐదు గంటలే పడుకున్న రోజైతే పొద్దున్నుంచే మొదలు.

కారణం ఆవిడ చెప్పారు. తెల్లన్నం తొందరగా అరిగి రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా పెరుగుతుంది, దాన్ని దించడానికి ఇన్సులిన్ వస్తుంది. కొందరిలో రెండు మూడు గంటలకు గ్లూకోజ్ బాగా కిందకు దిగుతుంది. అప్పుడు మెదడు త్వరగా శక్తినిచ్చేది ఏదైనా తినమంటుంది. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. ఆ స్థితిలో స్వీట్ డబ్బా ముందు కూర్చుని మనసును బిగబట్టుకోమంటే ఎవరికైనా కష్టమేనండి.

అందుకే నేను ముందు స్వీట్లు మానడం మీద పడలేదు, భోజనం మార్చుకున్నాను. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం. మూడు గరిటెల అన్నం ఒకటిన్నరకు తగ్గించాను. మూడున్నరకే, అంటే కోరిక రాకముందే, గుప్పెడు వేయించిన పల్లీలో, ఉడికించిన శనగలో తింటాను. ఈ ఒక్కటీ చేసినా సగం బాధ పోతుంది.

రెండోది టీ. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. చెంచాకు 4 గ్రాముల చొప్పున 32 గ్రాములు. బయటి నుంచి చేరే చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అంటే నాకు టీతోనే ఆ లెక్క దాటిపోయేది. ఒక్కసారిగా మానేయకుండా పది రోజులకోసారి అర చెంచా తగ్గించాను. ఇప్పుడు ఎవరింట్లోనైనా మామూలు టీ ఇస్తే పాకం తాగినట్టుంటుంది. నాలుకకు అలవాటు మారుతుందని నమ్మండి. పంచదార బదులు బెల్లం, తేనె వేసుకుంటే ఫర్వాలేదనుకోకండి, ఒంట్లో చేరాక అవీ చక్కెరే.

పొడపత్రి ఆకు గురించి కూడా చెప్పాలి. మా పిన్ని పెరట్లో ఉంది. ఆకు బాగా నమిలి ఉమ్మేశాక నాలుక మీద చిటికెడు పంచదార వేసింది. ఇసుక పలుకుల్లా ఉంది, తీపి అన్నదే తెలియలేదు! అందులోని జిమ్నెమిక్ ఆమ్లాలు తీపి తెలిసే చోటును కాసేపు మూసేస్తాయి. మొదటి నెలలో రాత్రి భోజనం తర్వాత ఇది నాకు బాగా సాయపడింది. కానీ షుగర్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాడకండి, గ్లూకోజ్ మరీ తగ్గిపోవచ్చు.

ఇంకో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మీరు షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ ఉంటే, తీపి కావాలనిపించడంతో పాటు చెమటలు, వణుకు, గుండెదడ ఉంటే అది కోరిక కాదు, గ్లూకోజ్ పడిపోవడం కావచ్చు. అప్పుడు వెంటనే పంచదార తినాలి, తర్వాత డాక్టర్‌కు చెప్పాలి.

ఎనిమిది నెలలకు నా హెచ్‌బీఏ1సీ 5.6కి వచ్చింది. సంక్రాంతికి అరిసె తింటాను, భోజనం అయ్యాక, అందరితో కూర్చుని, ఒకటి. రెండోదాని మీదకు మనసు పోవడం లేదు.

మీరు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారో, పొద్దున ఏం తింటున్నారో రాయలేదు. ఆ రెండూ చెప్పండి, ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.