హైస్కూలు గ్రాడ్యుయేషన్ దగ్గర పడింది, స్కూలు పేపరు మానిపించాలా?

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లుల్లో ఎవరో ఒకరు నన్ను ఇది అడుగుతారు. "మా అమ్మాయి, స్కూల్లో పిల్లలు నడిపే పేపరంటూ, రాత్రి తొమ్మిదింటి దాకా అక్కడే ఉంటోందండీ. కాలేజీ సీటు వచ్చేసింది, మేలో కాలేజీ స్థాయి ఏపీ పరీక్షలున్నాయి. ఇంక మానేయమని చెప్పేదా?"

మానిపించకండి. నేను మానిపించబోయి ఆగినదాన్ని.

మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాం. ఇక్కడ చాలా స్కూళ్లలో పేపరు ఒక క్లాసు. దానికి పీరియడ్ ఉంటుంది, గ్రేడ్ ఉంటుంది, మార్కుల రికార్డు అయిన ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడుతుంది. కాలేజీలు ఇచ్చే సీటు ఆఖరి ట్రాన్‌స్క్రిప్ట్ చూశాకే ఖాయమవుతుంది. యూసీలకైతే, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కాలేజీలకైతే, అప్లికేషన్‌లో చూపిన క్లాసు మధ్యలో మానేస్తే ఆ సంగతి వాళ్లకు తెలియజేయాలి కూడా. ముందు కౌన్సెలర్‌ని అడగకుండా ఏదీ వదిలించకండి.

అసలు సంగతి అది కాదు. ఆఖరి రెండు నెలల్లో ఆ పిల్లల చేతిలో పెద్ద పని ఉంటుంది. గ్రాడ్యుయేషన్‌కి ముందు సీనియర్ ఇష్యూ, అంటే ఆఖరి ఏడాది పిల్లల ప్రత్యేక సంచిక, వేస్తారు. ఎవరు ఏ కాలేజీకి వెళ్తున్నారో, ఎవరు మిలిటరీలో చేరుతున్నారో, ఎవరు ఉద్యోగానికి వెళ్తున్నారో అందులో పేరుపేరునా వస్తుంది. మా అమ్మాయి కాపీ ఎడిటర్, అంటే అచ్చుకు వెళ్లే ముందు తప్పులు దిద్దేది. ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసింది. "అమ్మా, ఇతను తెలుగబ్బాయి. పేరు నాలుగు ముక్కలుంది. ఇందులో ఇంటిపేరేది?" పాస్‌పోర్టు పుణ్యమా అని స్కూలు రికార్డులో అబ్బాయి పేరు ఇంటిపేరు చోట, ఇంటిపేరు అతని పేరు చోట పడ్డాయి. మర్నాడు అబ్బాయినే అడిగి సరిచేసింది. తీసుకురావడానికి వెళ్లినప్పుడు చూశాను, స్కేలు ఒక్కో పేరు కిందికి జరుపుకుంటూ చదువుతోంది, పక్కనే చల్లారిపోయిన పిజ్జా. ఇంట్లో ఏ పుస్తకం ముందూ అంత శ్రద్ధగా కూర్చోవడం నేను చూడలేదు.

ఆ పేజీ విషయంలోనే నేను తప్పు చేశాను. మేము ఆశపడ్డ కాలేజీ వెయిట్‌లిస్టులో పెట్టింది. మే 1కి వేరే కాలేజీకి డిపాజిట్ కట్టేశాం. "నీ పేరు పక్కన ఖాళీ ఉంచు, తర్వాత చూద్దాం" అన్నాను. మనవాళ్లు చదువుతారని నా భయం. "నేను వెళ్లేది అక్కడికేగా అమ్మా. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీకి వెళ్లే నా ఫ్రెండే రాయమంది" అంది. ఎవరైనా వద్దంటే వాళ్ల పేరు వేయకూడదని ఆ పిల్లలు ముందే అనుకున్నారట. నిర్ణయం పిల్లలది. మనం కలగజేసుకోవద్దు.

ఇంకో భయం, స్కూలును తప్పుపడుతూ రాస్తే ప్రిన్సిపాల్‌కి కోపమొచ్చి ఇబ్బంది పెడతారేమోనని. కాలిఫోర్నియాలో 1977 నుంచి చట్టం పిల్లల పక్షాన ఉంది. అశ్లీలం, పరువు నష్టం, గొడవలకు ఉసిగొల్పే రాతల్లాంటివి కాకపోతే వార్తను ఆపడానికి వీల్లేదు. అన్ని రాష్ట్రాల్లోనూ ఇలా లేదు. 1988లో అమెరికా సుప్రీంకోర్టు హేజల్‌వుడ్ కేసులో, స్కూలు పేపర్లో రాతలను ఆపడానికి స్కూళ్లకు చాలా అధికారమిచ్చింది. మీ రాష్ట్రంలో ఎలాగో పేపరు చూసే టీచర్‌ని అడగండి, ఆవిడకు తెలిసే ఉంటుంది.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్న పిల్లలకు స్కూలు పేపరు పనితో చిక్కు లేదు, అది చదువులో భాగం. వేసవిలో ఏ పత్రికైనా జీతమిచ్చి రమ్మంటే మాత్రం వర్క్ పర్మిట్ లేకుండా చేరకూడదు.

పరీక్షల టెన్షన్ నిజమే. పేజీలు పెట్టే రోజులు ముందే తెలుస్తాయి కాబట్టి క్యాలెండర్‌లో రాసుకోమనండి. ఆ రాత్రులు ఇంటి పని చెప్పకండి, తినడానికి ఏదైనా ఇచ్చి పంపండి. మా ఇంటి పులిహోర ఆ గదిలో అందరూ తిన్నారు. మేలో జూనియర్లకు పని అప్పగించడానికి ఇంకో వారం పడుతుంది, దానికీ తొందరపెట్టకండి.

సీనియర్లు ఆఖర్న ఒక వీడ్కోలు కాలమ్ రాస్తారు. మా అమ్మాయిది అచ్చయ్యాకే చదివాను. తెనాలిలో మా నాన్నగారు పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని, పేపర్లో అచ్చుతప్పుల కింద ఎర్రపెన్నుతో గీతలు గీసేవారు. ఎనిమిదేళ్లప్పుడు సెలవులకు వెళ్లి ఆయన పక్కన కూర్చున్న సంగతి రాసింది. దానికి అది గుర్తుందని నాకు తెలియదు. రెండు కాపీలు కవర్లో పెట్టి తెనాలి పంపాను. నాన్న ఫోన్ చేసి, ఎక్కడా గీత పెట్టాల్సిన పని పడలేదన్నారు.